నేల కింద వేడినీళ్ళు – గోడ మీద మీట

మనకు నేల చల్లగా వుండటమే సుఖం. వైశాఖమాసంలో మధ్యాహ్నం పూట చాప కూడా పరచుకోకుండా గచ్చు మీద ఒరిగే అలవాటు మనది. అటువంటి మనతో ‘ఫలానా దేశంలో ఇంటి నేలను పనిగట్టుకుని వేడి చేసుకుంటారు’ అంటే మొదట నవ్వు వస్తుంది. కాని బయట మంచు కురుస్తూ, కిటికీ అద్దం తాకితే వేళ్ళు కొంకర్లు పోయే చోట, పాదాలకు నులివెచ్చగా తగిలే నేల ఎంత హాయో అక్కడ ఒక్క శీతకాలం గడిపిన వాళ్ళనడగండి, చెబుతారు. మన కాలేజీల్లో చదివి ఏటేటా జర్మనీ దారి పడుతున్న పిల్లలు చాలా మందే వున్నారు. అక్కడ పాత కట్టడాల్లో గోడకు ఆనించిన ఇనుప రేడియేటర్లుంటాయి. కొత్తగా కట్టిన ఇళ్ళల్లో మాత్రం చాలా చోట్ల ఏమీ కనిపించదు, గోడ మీద చిన్న గుండ్రటి మీట తప్ప. దాని చుట్టూ అంకెలు. చలేస్తే పెంచాలి, ఎక్కువైతే తగ్గించాలి. అంతేగా?

అంత సులువైతే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. కొత్తగా వెళ్ళినవాడు సాయంత్రం గదికి చేరి, చలేసి, మీటను 20 నుంచి 26కు తిప్పుతాడు. పది నిమిషాలు చూస్తాడు. ఏమీ కాదు. అరగంట చూస్తాడు. ఏమీ కాదు. ‘ఇది పాడైపోయింది’ అని 30కి తిప్పి, కోటు వేసుకునే పడుకుంటాడు. అర్ధరాత్రి దాటాక ముచ్చెమటలు పోసి లేచి, మీటను అడుక్కి తిప్పేసి కిటికీ తెరుస్తాడు. ఇంతకీ ఆ మీట చక్కగానే పనిచేస్తోంది. ఒకే ఇంట్లో స్నానాలగదికి 24 డిగ్రీలు, పడకగదికి 18 డిగ్రీలు చొప్పున ఏ గదికి ఆ గదిని విడిగా ఎలా అదుపు చేస్తారు, ఆ అదుపు ఎంతవరకు సాధ్యం, ఎక్కడ దాని వల్ల లాభానికి బదులు నష్టం వస్తుంది అన్నవి తెలిస్తే గాని ఆ మీట భాష మనకు అర్థం కాదు.

పొయ్యి నుంచి గొట్టం దాకా

నేలను వేడిచేసే ఆలోచన చాలా పాతది. రోమనులు స్నానశాలల్లో నేలను పొట్టి ఇటుక స్తంభాల మీద నిలబెట్టి, పక్కనున్న కొలిమిలోంచి వేడిగాలినీ పొగనూ ఆ ఖాళీలోకి పంపేవారు. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో విట్రూవియస్ అనే వాస్తుశిల్పి ఆ స్తంభాలు రెండడుగుల ఎత్తు వుండాలని కొలతలతో సహా రాసిపెట్టాడు. కొలిమికి దగ్గరి గది బాగా వేడి, ఆ పక్కది గోరువెచ్చన, చివరిది చన్నీళ్ళ గది. అంటే గదికో ఉష్ణోగ్రత అప్పుడే వుంది. కాకపోతే దాన్ని కట్టేటప్పుడే మేస్త్రీ నిర్ణయించేశాడు. తరువాత మార్చాలంటే కొలిమిలో కట్టెలు ఎగదోసే బానిసకు కేక వెయ్యటమే.

కొరియాలో ఈ పద్ధతి ఇళ్ళల్లోకే వచ్చింది. వంటింటి పొయ్యిలోని పొగ పక్కగది నేల కింద, రాతిపలకల అడుగున పాకి, ఆవలి గోడ దగ్గర పొగగొట్టంలోంచి బయటపడుతుంది. దీన్ని ఓందోల్ అంటారు. పొయ్యి వైపు నేల వేడిగా, ఆవలి వైపు చల్లగా వుంటుంది. ఈ రెండు వైపులకూ వాళ్ళ భాషలో వేరువేరు పేర్లే వున్నాయి – అరెన్‌మోక్, విన్‌మోక్. వెచ్చని వైపు ఇంటి పెద్దలకు, అతిథులకు. చలేస్తే అటు జరగాలి, ఉడికిపోతే ఇటు జరగాలి. మీటను తిప్పే బదులు మనిషే కదలటమన్నమాట! నా దృష్టిలో ఇంతకంటే తెలివైన ఉష్ణ నియంత్రణ ఇంకా రాలేదు. తరువాతి కాలంలో కట్టెల స్థానంలో బొగ్గు దిమ్మలు వచ్చి, నేల బీటల్లోంచి కార్బన్ మోనాక్సైడు గదిలోకి చేరి నిద్రలోనే ప్రాణాలు పోయిన కుటుంబాలు అక్కడ ఎన్నో. అందుకే పొగను మానిపించి, అదే నేల కింద వేడినీళ్ళ గొట్టాలు పరిచారు. 2018లో కొరియా ప్రభుత్వం ఓందోల్‌ను జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది.

అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ తోక్యోలో ఇంపీరియల్ హోటల్ పని మీద వెళ్ళినప్పుడు, అక్కడొక ధనికుడి ఇంట్లో ఇటువంటి కొరియా గదిలో కూర్చుని అబ్బురపడ్డాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో 1937లో ఆయన కట్టిన జేకబ్స్ ఇంట్లో నేల కింద ఇనుప గొట్టాలు వేయించాడు. ఇనుముతో వచ్చిన తంటా మీకు తెలిసిందే, తుప్పు. గచ్చులో కప్పిపెట్టిన గొట్టం కారితే గచ్చంతా పగలగొట్టాలి. 1960ల చివర జర్మనీలో థామస్ ఎంగెల్ పాలిథీన్ అణువుల గొలుసులను ఒకదానికొకటి అడ్డంగా ముడివేసి, వేడినీళ్ళకు లొంగని ప్లాస్టిక్ తయారుచెయ్యటంతో ఆ భయం తీరింది. ఇవాళ మనం చూస్తున్న నేల వేడి ఆ ప్లాస్టిక్ గొట్టం పుణ్యమే.

ఇక ఆ మీట సంగతి. గది ఉష్ణోగ్రతను తానే పసిగట్టి కబురందించే సాధనానికి ఆద్యుడు ఎవరో తెలుసా? మనలాంటి ఒక కాలేజీ అధ్యాపకుడు. విస్కాన్సిన్‌లోనే వైట్‌వాటర్ అనే ఊళ్ళో టీచర్ల శిక్షణ కళాశాలలో వారెన్ జాన్సన్ పాఠం చెబుతుంటే, నౌకరు గంట గంటకూ తలుపు తోసుకుని వచ్చి, గోడకున్న ఉష్ణమాపకం చూసి, కిందనున్న కొలిమి గదికి పోయి మూతలు సర్దేవాడట. పాఠం మధ్యలో ఈ రాకపోకలు పడలేక ఆయన గదిలో ఒక విద్యుత్ సాధనం పెట్టి, గది చల్లబడితే కొలిమి గదిలో గంట మోగే ఏర్పాటు చేశాడు. 1883లో దానికి పేటెంటు, 1885లో కంపెనీ. అధ్యాపకుల విసుగు కూడా లోకానికి ఉపకరిస్తుందనటానికి ఇదొక సాక్ష్యం.

గచ్చు కింద ఏముంది?

ముందు ఇంటి స్లాబు మీద వేడి కిందికి పోకుండా థర్మోకోలు వంటి పలకలు పరుస్తారు. వాటి మీద చేతివేలి లావు ప్లాస్టిక్ గొట్టాన్ని, జంతిక చుట్టినట్టు, ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ 10 నుంచి 20 సెంటీమీటర్ల ఎడంతో పరుస్తారు. ఆ పైన ఆరేడు సెంటీమీటర్ల మందాన సిమెంటు గచ్చు. దాని మీద టైల్సు గాని చెక్క గాని. ఒక్కొక్క గొట్టం వంద మీటర్లకు మించకుండా చూస్తారు, మించితే నీటిని తొయ్యటానికి పంపు మొరాయిస్తుంది. పెద్ద హాలయితే రెండు మూడు గొట్టాలు, స్నానాలగదికి ఒకటి. ఇలా ఇంట్లోని గొట్టాల కొసలన్నీ ఒక గోడ పెట్టెలోకి వస్తాయి. ఆ పెట్టెలో రెండు అడ్డకడ్డీలు: ఒకదాంట్లోంచి వేడినీళ్ళు గొట్టాలన్నింటికీ చీలి వెళతాయి, రెండోదాంట్లోకి చల్లబడ్డ నీళ్ళు తిరిగి చేరతాయి. దీన్ని మానిఫోల్డు అంటారు. మన తోటల్లో డ్రిప్పు పైపుల దగ్గర వాల్వుల వరస చూశారు కదూ, అదే రూపం.

మానిఫోల్డులో ప్రతి గొట్టానికీ ఒక వాల్వు, దాని తల మీద బొటనవేలంత టోపీ. ఆ టోపీలో ఒక చిన్న మైనపు గుళిక వుంటుంది. గదిలోని థర్మోస్టాట్ ‘ఇక్కడ చలిగా వుంది’ అనగానే ఆ గుళికకు ఒకటి రెండు వాట్ల కరెంటు అందుతుంది. మైనం కరిగి వ్యాకోచిస్తుంది, వాల్వు మెల్లగా తెరుచుకుంటుంది. రెండు మూడు నిమిషాల పని. గది వెచ్చబడితే కరెంటు ఆగి, మైనం గడ్డకట్టి, వాల్వు మూసుకుంటుంది. పదార్థాలు వేడికి వ్యాకోచిస్తాయని హైస్కూల్లో బట్టీ పట్టిన సూత్రం ఒక దేశపు ఇళ్ళను కాపలా కాస్తున్నదంటే భలే అనిపిస్తుంది.

ఏ గది మీట ఏ వాల్వుకు కలపాలో ఆ తీగలన్నీ ఒక పలక మీద కలుస్తాయి. కొన్నిటికి తీగలుండవు, రేడియో సంకేతం. ఇంతవరకూ ఏ చిక్కూ లేదు.

నిదానమే దాని గుణం

చిక్కు గచ్చులో వుంది. బి.ఎస్సీ. విద్యార్థి ఎవరైనా చెయ్యగల లెక్క ఒకటి ఇస్తాను. గచ్చు మందం 6.5 సెంటీమీటర్లు, సాంద్రత ఘనమీటరుకు 2000 కిలోలు అనుకోండి. అంటే చదరపు మీటరుకు 130 కిలోల బరువు. విశిష్టోష్ణం కిలోకు సుమారు ఒక కిలోజౌలు కనుక, ఆ చదరపు మీటరును ఒక్క డిగ్రీ వేడెక్కించటానికి 130 కిలోజౌళ్ళు కావాలి. ఇక నేల గదికి వేడినిచ్చే రేటు: గాలి కంటే నేల ఒక డిగ్రీ ఎక్కువ వుంటే చదరపు మీటరుకు ఉజ్జాయింపుగా 11 వాట్లు. లక్షా ముప్ఫై వేల జౌళ్ళను 11తో భాగించండి. పన్నెండు వేల సెకండ్లకు కాస్త తక్కువ వస్తుంది, అంటే మూడుంబావు గంటలు. ఎలక్ట్రికల్ వాళ్ళు దీన్ని టైమ్ కాన్‌స్టంట్ అంటారు. మీరు మీట తిప్పిన మూడుంబావు గంటలకు నేలలో రావలసిన మార్పులో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే వస్తుంది. వాల్వు మూసేసిన తరువాత కూడా ఆ 130 కిలోల గచ్చు తన దగ్గరున్న వేడిని అదే తీరుగా గంటల తరబడి విడుస్తూనే వుంటుంది.

సాయంత్రం తిప్పినవాడికి అర్ధరాత్రి చెమటలు ఎందుకు పట్టాయో ఇప్పుడు తెలిసింది కదా. థర్మోస్టాట్ గాలి వెచ్చబడేదాకా వాల్వు తెరిచే వుంచింది; అప్పటికే గచ్చు నిండా వేడి నిండిపోయింది. ఈ కారణంగానే మంచి థర్మోస్టాట్లు పూర్తిగా తెరవటం, పూర్తిగా మూయటం అనే మొరటు పద్ధతి మానేశాయి. లక్ష్యానికి దగ్గరవుతున్న కొద్దీ, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక విడతగా లెక్కకట్టి, ఆ విడతలో కొంతసేపే వాల్వును తెరిచి వుంచుతాయి. అయినా గచ్చు బరువు గచ్చుదే. రాత్రి పడుకునేముందు తగ్గించి, పొద్దున్నే పెంచే రేడియేటరు అలవాటు నేల వేడికి నప్పదు. తగ్గించింది తెల్లవారే వేళకు తెలుస్తుంది, పెంచింది మీరు కాలేజీకి వెళ్ళాక తెలుస్తుంది.

మరి ఇంత నిదానపు వస్తువుతో గదులను అదుపు చెయ్యటం ఎలా సాధ్యమవుతోంది? ఇక్కడే ప్రకృతి మనకొక సాయం చేసింది.

నేల మరీ వేడిగా వుండకూడదు. యూరపు ప్రమాణం ప్రకారం మనుషులు మసలే చోట నేల 29 డిగ్రీలు మించరాదు, కిటికీల వార 35 దాకా పోవచ్చు. ఇప్పటి గోడలు, కిటికీలు వేడిని బాగా పట్టివుంచుతాయి గనుక చాలా రోజుల్లో 23 డిగ్రీల నేల సరిపోతుంది. మన చేతికి అది వేడని కూడా తోచదు, ఎందుకంటే పాదం ఉష్ణోగ్రత అంతకంటే ఎక్కువ. సరే, గది 20, నేల 23. తేడా మూడు డిగ్రీలు. ఇంతలో మబ్బు విడి, దక్షిణపు కిటికీలోంచి ఎండ పడింది. పెద్ద కిటికీ అయితే వెయ్యి వాట్ల దాకా రావచ్చు. గది 21కి పెరిగింది. నేలకూ గాలికీ తేడా మూడు నుంచి రెండుకు పడింది, అంటే నేల ఇచ్చే వేడి ఆ క్షణానే మూడో వంతు తగ్గింది. ఏ థర్మోస్టాటూ కలగజేసుకోలేదు, ఏ మైనమూ కరగలేదు. తరువాత నీళ్ళు అలాగే పారుతుంటే నేల మరి కాస్త వేడెక్కి సర్దుకుంటుంది. నీళ్ళు సగటున 28 డిగ్రీలున్నాయనుకుంటే నికరంగా ఎనిమిదో వంతు తగ్గుదల మిగులుతుంది. అదే 50 డిగ్రీల రేడియేటరుకైతే గది ఒక డిగ్రీ పెరిగినా తేడా 30 నుంచి 29కే పడుతుంది. దానికి పట్టింపే లేదు. అందుకే రేడియేటరుకు కాపలాదారు తప్పనిసరి, చల్లని నీళ్ళతో నడిచే నేలకు సగం కాపలా దానిలోనే వుంది. నీళ్ళు ఎంత తక్కువ వేడిగా వుంటే ఈ స్వయం నియంత్రణ అంత బాగా పనిచేస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతాదంతా దీనిలోంచే వస్తుంది.

కాలువ చివరి రైతు

అంటే గది వెచ్చదనాన్ని ముందుగా నిర్ణయించేవి రెండు – నీళ్ళు ఎంత వేడిగా రావాలి, ఏ గొట్టానికి ఎన్ని రావాలి. గోడ మీట మూడోది.

మొదటిది బయటి చలిని బట్టి వుంటుంది. ఇంటికి ఉత్తరపు గోడ మీద ఒక చిన్న డబ్బీ తగిలించి వుంటుంది, అది బయటి ఉష్ణోగ్రతను కొలుస్తుంది. బయట 10 డిగ్రీలుంటే నీళ్ళు 27, సున్నా అయితే 31, మైనస్ 10 అయితే 35 – ఇలా ఒక గీత గీసినట్టు ముందే అమర్చి వుంచుతారు. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవి, ఇంటింటికీ వేరు. గచ్చు నిదానం కనుక చలి గదిలోకి వచ్చాక మేల్కొంటే ఆలస్యమే, బయట వుండగానే మేల్కోవాలి. ఈ గీతను సరిగా అమర్చిన ఇంట్లో గోడ మీటలకు రోజుల తరబడి పనే వుండదు. సరిగా అమర్చని ఇళ్ళే ఎక్కువ అని కూడా చెప్పాలి. పనివాడు ‘చలని ఎవరూ ఫోన్ చెయ్యకుండా’ నీళ్ళను అవసరం కంటే ఐదారు డిగ్రీలు ఎక్కువ పెట్టి వెళ్ళిపోతాడు. అప్పుడు మీటలు రోజంతా వాల్వులు మూస్తూ తెరుస్తూ ఆ ఎక్కువను కోసేసే పనిలో వుంటాయి.

రెండోది మన డెల్టా రైతుకు చెప్పనక్కరలేదు. కాలువకు ఎగువనున్నవాడు తూము బార్లా తీస్తే దిగువవాడి చేను ఎండుతుంది. నీళ్ళు సులువైన దారినే పోతాయి. 60 మీటర్ల స్నానాలగది గొట్టం పొట్టిది, అందులోకి నీళ్ళు ఎగబడతాయి. 90 మీటర్ల మూలగది గొట్టం దాకా రావు. కనుక మానిఫోల్డు దగ్గర ప్రతి గొట్టానికీ వున్న కొలగొట్టాన్ని చూస్తూ, పొడుగు గొట్టాన్ని పూర్తిగా తెరిచి, పొట్టివాటిని తగినంత బిగించాలి. ఎంతని? 25 చదరపు మీటర్ల హాలుకు చదరపు మీటరుకు 33 వాట్ల చొప్పున 825 వాట్లు కావాలనుకోండి. నీళ్ళు 5 డిగ్రీలు చల్లబడి తిరిగొచ్చేలా చూస్తే నిమిషానికి ఇంచుమించు 2.4 లీటర్లు కావాలి. ఆరు చదరపు మీటర్ల స్నానాలగదికి, ఎక్కువ వేడి కావాలన్నా, లీటరు చాలు. ఈ పంపకం చెయ్యటానికి ఒక పూట పడుతుంది. దీన్ని ఎగ్గొట్టి, ఆ బదులు ప్రతి గదికీ ఖరీదైన మీట పెట్టి చేతులు దులుపుకున్న ఇళ్ళల్లో మూలగది మీటను 30కి తిప్పినా ప్రయోజనం లేదు. రాని నీటికి తూము తీసి ఏం లాభం?

గదులు మూస్తే డబ్బు మిగులుతుందా?

జర్మనీలో 1973 చమురు సంక్షోభం తరువాత 1976లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. ఆ వరసలోనే, 2020 నవంబరు 1న అమలులోకి వచ్చిన భవనాల ఇంధన చట్టం, వేడినీళ్ళతో నడిచే ఏర్పాటుకు గదిగదికీ విడిగా, తనంత తానే పనిచేసే నియంత్రణ వుండాలన్నది. ఆరు చదరపు మీటర్ల లోపు గదుల నేలలకు మినహాయింపు. రేడియేటర్ల రోజుల ఆలోచన అది: ఎవరూ లేని గదిని వేడిచెయ్యకు, డబ్బు మిగులుతుంది. రేడియేటరు, బాయిలరు వున్న ఇంట్లో ఇది నిజమే.

ఇప్పుడు బాయిలరు స్థానంలో హీట్ పంపు వస్తోంది. అది మన ఫ్రిజ్ లాంటిదే. బయటి చల్లని గాలిలోంచి వేడిని లాగి నీళ్ళకు ఎక్కిస్తుంది. దాని ఖర్చు నీళ్ళను ఎంత ఎత్తుకు ఎక్కించాలన్న దాని మీద ఆధారపడుతుంది. కార్నో సూత్రం గుర్తు తెచ్చుకోండి. బయట 2 డిగ్రీలు, నీళ్ళు 35 అయితే సిద్ధాంతరీత్యా గరిష్ఠ నిష్పత్తి 308ని 33తో భాగిస్తే 9.3. నీళ్ళు 45 కావాలంటే 318ని 43తో భాగించాలి, 7.4. నిజమైన యంత్రం ఇందులో సగమో అంతకు తక్కువో ఇస్తుంది గాని, తగ్గుదల దామాషా అదే: నీటి వేడి ఒక్కొక్క డిగ్రీ పెరిగిన కొద్దీ కరెంటు ఖర్చు రెండు, రెండున్నర శాతం పెరుగుతుంది.

ఇప్పుడు నలుగురు విద్యార్థులు కలిసి అద్దెకున్న ఇల్లు ఊహించండి. 2022లో ఐరోపాలో గ్యాస్, కరెంటు ధరలు మండిపోయాక ఇటువంటి ఇళ్ళల్లో పొదుపు గురించి పంచాయితీలు మామూలైపోయాయి. ఇద్దరు సెలవుల్లో ఊరెళ్ళారు. మిగిలిన ఇద్దరూ పొదుపు చేద్దామని ఆ రెండు గదులూ మూసేశారు. లోపలి గోడలకు వేడిని ఆపే పొర వుండదు కదా. తెరిచిన రెండు గదుల వేడి ఆ గోడల గుండా, తలుపు సందుల గుండా మూసిన గదుల్లోకి కారుతూనే వుంటుంది. అంటే సగం నేల ఇల్లు మొత్తానికి కాకపోయినా ముప్పాతిక ఇంటికి వేడినివ్వాలి. నేల విస్తీర్ణం తగ్గింది కనుక నీళ్ళు మరింత వేడిగా రావాలి. నాలుగైదు డిగ్రీలు పెంచితే చాలు, పదో వంతు ఖర్చు అక్కడే పెరిగింది. పైగా హీట్ పంపుకు కనీసం ఇన్ని నీళ్ళు పారాలన్న నియమముంటుంది. వాల్వులన్నీ మూసుకుంటే అది మాటిమాటికీ ఆగి మొదలవుతూ అరిగిపోతుంది. చివరికి లెక్క చూస్తే మిగిలింది బహుస్వల్పం. కొన్ని ఇళ్ళల్లో ఎదురు ఖర్చే.

బూజు ఇంకా పెద్ద సంగతి. 20 డిగ్రీల గదిలో గాలి తేమ 50 శాతం వుంటే, ఆ గాలి తగిలే గోడ 12.6 డిగ్రీలకు పడినప్పుడు గోడను ఆనుకున్న చోట తేమ 80 శాతమవుతుంది, బూజుకు అది చాలు. మూసిన గది మూలలు ఇంత చల్లబడటం కష్టమేమీ కాదు. వంటింటి ఆవిరి, ఆరేసిన బట్టల తడి తలుపు సందుల్లోంచి అక్కడికే చేరుతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ నల్లమచ్చల ఖర్చు ఇంటి యజమాని డిపాజిట్లోంచి కోసుకుంటే, వేడి మీద మిగిలిన పది యూరోలు ఏ మూలకు?

దీన్ని బట్టి హీట్ పంపు బిగించే కొందరు నిపుణులు మీటలన్నీ తీసెయ్యండి, అన్ని వాల్వులూ తెరిచే వుంచండి, నీటి గీతతోనూ పంపకంతోనూ అంతా సరిపోతుంది అంటున్నారు. నాకు సగమే సమ్మతం. మీట అక్కరకు వచ్చే చోట్లు వున్నాయి. స్నానాలగది 24 డిగ్రీలుండాలి, మిగతావి 20 చాలు. దక్షిణపు ఎండ పడే గది, పదిమంది చేరితే మనిషికి వంద వాట్ల చొప్పున వెయ్యి వాట్లు అదనంగా పుట్టే హాలు – వీటికి పైకప్పు గీసే కాపలా కావాలి. నేనైతే మీటను కోరుకున్న ఉష్ణోగ్రత కంటే ఒకటి రెండు డిగ్రీలు పైన పెట్టి వుంచమంటాను. అప్పుడది మామూలు రోజుల్లో అడ్డురాదు, ఎండ పడిన రోజున మాత్రం వాల్వు మూస్తుంది. పడకగది 18 కావాలనుకునేవాళ్ళు మీటను తగ్గించే ముందు మానిఫోల్డులో ఆ గది నీళ్ళు తగ్గించుకుంటే మేలు, తలుపు వేసుకోవటం మరవకుండా.

మన వైపు సంగతి వేరు. మనకు కావలసింది చలువ. అవే గొట్టాల్లో చల్లని నీళ్ళు పంపితే గది చల్లబడుతుందా అంటే, చల్లబడుతుంది. బ్యాంకాక్‌లో 2006లో తెరిచిన సువర్ణభూమి విమానాశ్రయంలో నేలను ఇలాగే చల్లబరుస్తారు. హైదరాబాదు పక్కన పోచారంలో ఇన్ఫోసిస్ వారు 2011 ప్రాంతంలో ఒక పెద్ద కట్టడాన్ని రెండు సమభాగాలు చేసి, ఒక సగానికి మామూలు ఏ.సి., రెండో సగానికి స్లాబులో చన్నీళ్ళ గొట్టాలు పెట్టి పోల్చి చూశారు. గొట్టాల సగంలో చలువకు ఖర్చయిన విద్యుత్తు 34 శాతం తక్కువని తేలింది. అయితే ఇక్కడ గదిగదికీ నియంత్రణ మరింత గడ్డు. వానాకాలంలో విశాఖలోనో కాకినాడలోనో గాలిలోని ఆవిరి 25 డిగ్రీల ప్రాంతంలోనే నీరుగా మారటం మొదలెడుతుంది. తుషార స్థానం అని పాఠాల్లో చదివినది ఇదే. నేలను 20కి దింపితే అది చెమర్చి జారుడుబండ అవుతుంది. గాలిలోని తేమను ముందుగా వేరే యంత్రంతో తీస్తే తప్ప, తెరిచిన కిటికీల ఇంట్లో ఇది కుదరదు.

ఇక అక్కడికి వెళ్ళబోయే మిత్రులకు. గదిలో దిగిన రోజున మీటను 20 దగ్గరో 21 దగ్గరో పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ దాని జోలికి పోకండి. మార్చవలసి వస్తే ఒక్క డిగ్రీ, మళ్ళీ ఒక రోజు ఆగటం. నేల నిండా మందపాటి తివాచీ పరిస్తే, మంచం కింద సూట్‌కేసులు కుక్కితే, ఆ మేరకు నేల పనిచెయ్యదు. మీట మీద పరదా వెయ్యకండి, దాని కింద ల్యాంపు పెట్టకండి. అది చూసేది తన చుట్టూ వున్న గాలినే. ఒకటిన్నర రోజయినా గది వెచ్చబడకపోతే కాపలా మనిషికి చెప్పి మానిఫోల్డు పెట్టె తెరిపించండి. వేసవి నాలుగైదు నెలలూ కదలక వాల్వు సూది బిగుసుకుపోవటం మామూలు విషయం. మైనపు టోపీని తిప్పి తీస్తే ఆ సూది బయటికి కనిపిస్తుంది. మెత్తగా నొక్కితే లోపలికి వెళ్ళి తనంత తాను పైకి రావాలి. రాకపోతే పట్టకారుతో లాగవద్దు, వాల్వు లోపలి భాగం మార్చటం ప్లంబరు పని. ఆ పెట్టె తలుపు లోపలి వైపు ఏ గొట్టం ఏ గదిదో, దానికి నిమిషానికి ఎన్ని లీటర్లో రాసిన చీటీ అతికించి వుండాలి. ఆ చీటీ వున్న ఇల్లు దొరికితే, అద్దె పది యూరోలు ఎక్కువైనా తీసుకోండి.